ఇంగ్లిష్ ప్యాసివ్ వాయిస్: వాక్యంలో ముందు సీటు ఎవరిది?

ఇంగ్లిష్ ప్యాసివ్ వాయిస్‌ను ఎక్కువమంది ఒక సూత్రంగా నేర్చుకుంటారు. యాక్టివ్ వాక్యంలోని ఆబ్జెక్ట్‌ను ముందుకు తేవాలి, ‘బి’ క్రియ తగిన రూపం పెట్టి అసలు క్రియకు మూడో రూపం రాయాలి, సబ్జెక్ట్‌ను ‘బై’ తగిలించి చివరికి పంపాలి. ‘ద బాయ్ బ్రోక్ ద విండో’ కాస్తా ‘ద విండో వాజ్ బ్రోకెన్ బై ద బాయ్’ అవుతుంది. మార్కులు పడతాయి. సూత్రంలో తప్పేమీ లేదు. కానీ అసలు ప్రశ్నను అది దాటేస్తుంది. కిటికీ పగలగొట్టింది ఆ కుర్రాడేనని తెలుసు, ఆ సంగతి సూటిగా చెప్పే వాక్యమూ ఉంది. మరి ఇంత తిరగేసి చెప్పాల్సిన అవసరం ఎవరికొచ్చింది?

నిజంగా ఇంగ్లిష్ రాసేవాళ్ల వాక్యాలు చూస్తే జవాబు అక్కడే కనిపిస్తుంది. ప్యాసివ్ వాక్యాల్లో అత్యధికం ‘బై’ లేకుండానే ముగిసిపోతాయి. ‘ద విండో వాజ్ బ్రోకెన్’, అంతే. ఎవరు పగలగొట్టారో తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పదలచుకోకపోవచ్చు, చెప్పాల్సిన పనే లేకపోవచ్చు. అంటే సూత్రం నేర్పే పొడుగు వాక్యం వాడుకలో అరుదైన రకం. రాజ్యమేలుతున్నది పొట్టి వాక్యమే. 1999లో భాషాశాస్త్రవేత్త డగ్లస్ బైబర్, ఆయన సహచరులు నాలుగు కోట్ల మాటల పాఠ్యాన్ని పరిశీలించి తెచ్చిన లాంగ్‌మన్ వ్యాకరణ గ్రంథం ఈ సంగతిని లెక్కలతో చూపించింది. అందులోనే మరో లెక్క కూడా ఉంది. పరిశోధన రచనల్లో కాలాన్ని సూచించే క్రియల్లో దాదాపు 25 శాతం ప్యాసివ్‌లో ఉంటే, మామూలు సంభాషణలో ఆ వాటా 2 శాతం దగ్గరే ఆగిపోతుంది. యాక్టివ్‌కు ప్యాసివ్ అద్దంలో ప్రతిబింబమే అయితే ఇంత తేడా ఉండకూడదు. కొన్ని చోట్ల పనికొచ్చి, కొన్ని చోట్ల అడ్డొచ్చే పనిముట్టు కాబట్టే ఈ తేడా.

తెలుగుకు అక్కర్లేనిది ఇంగ్లిష్‌కు ఎందుకు కావాలి

‘ఈ వంతెనను 1962లో కట్టారు’ అంటాం. ఎవరు కట్టారో చెప్పలేదు, వినేవాళ్లు అడగనూ అడగరు. ‘కట్టారు’లోని బహువచనమే ‘ఎవరో’ అన్న అర్థాన్ని మోసేస్తుంది. వంతెన వాక్యం మొదటికి వచ్చినా ‘ను’ ప్రత్యయం దాన్ని కర్మగానే పట్టి ఉంచుతుంది. క్రియ రూపం ఏమాత్రం మారకుండానే రెండు పనులు జరిగిపోయాయి: కర్త తప్పుకున్నాడు, కర్మ ముందుకొచ్చింది.

ఇంగ్లిష్‌కు ఈ రెండు సౌకర్యాలూ లేవు. ఆజ్ఞల్ని మినహాయిస్తే, మామూలు వాక్యం సబ్జెక్ట్ లేకుండా నిలబడదు. నామవాచకాలకు ‘ను, ని’ లాంటి గుర్తులు లేవు కాబట్టి స్థానమే విభక్తి పని చేస్తుంది. క్రియకు ముందున్నది పని చేసేది, వెనకున్నది ఆ పనికి గురయ్యేది. ‘ద బ్రిడ్జ్ బిల్ట్’ అని ఆపేస్తే వంతెనే ఏదో కట్టిందన్న అర్థం వచ్చి వాక్యం సగంలో వేలాడుతుంది. వంతెనను ముందు సీట్లో కూర్చోబెట్టాలంటే, ‘ఈ సీట్లో ఉన్నది పని చేసినది కాదు’ అని క్రియ మీదే ఒక గుర్తు వేయాలి. ఆ గుర్తే ప్యాసివ్. ‘ద బ్రిడ్జ్ వాజ్ బిల్ట్ ఇన్ 1962.’

ఈ కోణంలో చూస్తే తెలుగువాళ్లకు ప్యాసివ్ ఎక్కడ వాడాలో చాలావరకు తేలిపోతుంది. తెలుగులో కర్తను చెప్పకుండా ‘-ఆరు’తో ముగిసే వాక్యం మనసులో మెదిలితే, ఇంగ్లిష్‌లో అక్కడ ప్యాసివ్‌కు చోటుంటుంది. ‘నాకు చెప్పారు’ అంటే ‘ఐ వాజ్ టోల్డ్’. ‘నన్ను పిలిచారు’ అంటే ‘ఐ వాజ్ ఇన్వైటెడ్’. ‘మీటింగ్ వాయిదా వేశారు’ అంటే ‘ద మీటింగ్ హాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్’. ఇలాంటి చోట్ల ‘దే’ అని మొదలుపెట్టడం కూడా ఇంగ్లిష్ మాటల్లో ఉన్నదే. ‘దే హావ్ పోస్ట్‌పోన్డ్ ద మీటింగ్’ తప్పేమీ కాదు. అయితే రాతలో ఆ ‘దే’ ఎవరన్న ప్రశ్న వెంటనే లేస్తుంది.

తిరుగు ప్రయాణంలో పరిస్థితి వేరు. ఇంగ్లిష్ ప్యాసివ్ కనబడగానే తెలుగులో ‘నిర్మించబడింది, ఇవ్వబడింది, తెలియజేయబడింది’ అని రాసేయడం అనువాదాల్లో పాతుకుపోయిన అలవాటు. వ్యాకరణం దానికి అడ్డు చెప్పదు. చెవి మాత్రం చెబుతుంది.

బి ప్లస్ మూడో రూపం

తయారీ పద్ధతి నిజానికి చాలా చిన్నది. ‘బి’ క్రియ, దాని వెనక అసలు క్రియ మూడో రూపం. మూడో రూపం ఎన్నటికీ మారదు. కాలం, వచనం, అవకాశం, బాధ్యత, ఏది మారినా ఆ మార్పు భారమంతా ‘బి’ మీదే, దాని ముందుండే సహాయక క్రియల మీదే పడుతుంది. ఈ ఒక్క ముక్క మనసుకు పట్టిందంటే పెద్ద పట్టిక బట్టీ పట్టాల్సిన పని సగం తగ్గుతుంది.

‘రిటెన్’ను అక్కడే ఉంచి ముందు భాగాన్ని మార్చుకుంటూ పోదాం. రోజూ రాసేవి ‘ఆర్ రిటెన్’. నిన్న రాసినది ‘వాజ్ రిటెన్’. రేపు రాయబోయేది ‘విల్ బి రిటెన్’. ఈ క్షణంలో ఎవరో రాస్తున్నది ‘ఈజ్ బీయింగ్ రిటెన్’, అప్పట్లో రాస్తూ ఉన్నది ‘వాజ్ బీయింగ్ రిటెన్’. రాయడం పూర్తయి ఇప్పుడు చేతిలో ఉన్నది ‘హాజ్ బీన్ రిటెన్’, అంతకు ముందే పూర్తయి ఉన్నది ‘హాడ్ బీన్ రిటెన్’. రాయవచ్చు అంటే ‘కెన్ బి రిటెన్’, రాసి తీరాలి అంటే ‘మస్ట్ బి రిటెన్’, రాసి ఉండాల్సింది అంటే ‘షుడ్ హావ్ బీన్ రిటెన్’. సిద్ధాంతపరంగా ‘హాజ్ బీన్ బీయింగ్ రిటెన్’ కూడా కుదురుతుంది. కానీ ‘బీన్’ పక్కన ‘బీయింగ్’ నాలుకకు అడ్డం తిరుగుతుంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా దాన్ని తప్పించుకుని యాక్టివ్‌లోకి వెళ్లిపోతారు, లేదా వాక్యాన్నే మార్చుకుంటారు.

ఇక్కడ జారిపడే చోటు ‘బీన్’, ‘బీయింగ్’ మధ్య ఉంది. పలికేటప్పుడు దగ్గరగా వినిపించే ఈ రెండింటి పనులు పూర్తిగా వేరు. ‘బీన్’ ముందు హావ్, హాజ్, హాడ్‌లలో ఒకటి ఉండాలి. ‘బీయింగ్’ ముందు ఈజ్, ఆర్, వాజ్, వర్ లాంటి బి రూపం ఉండాలి. ‘ద రోడ్ ఈజ్ బీన్ రిపేర్డ్’ అన్న వాక్యం అందుకే ఏ వైపూ నిలబడదు. మరమ్మతు జరుగుతూ ఉంటే ‘ఈజ్ బీయింగ్ రిపేర్డ్’, అయిపోయి ఉంటే ‘హాజ్ బీన్ రిపేర్డ్’. ఇంకో పొరపాటు ‘బీన్’ను పూర్తిగా మింగేయడం. ‘ద లెటర్ హాజ్ సెంట్’ అంటే ఉత్తరమే దేన్నో పంపిందని అర్థం. ‘ద వర్క్ ఈజ్ కంప్లీటింగ్’ కూడా ఆ జాతిదే.

ఇప్పుడు ఇంత మామూలుగా వాడుతున్న ‘ఈజ్ బీయింగ్ బిల్ట్’ వయసు మరీ ఎక్కువేం కాదు. 18వ శతాబ్దం చివరి దశల దాకా ‘ఇల్లు కడుతున్నారు’ అన్న అర్థంలో ‘ద హౌస్ ఈజ్ బిల్డింగ్’ అనేవారు. ఇల్లు దేన్నీ కట్టలేదని అందరికీ తెలుసు కాబట్టి అపార్థానికి తావుండేది కాదు. కొత్త రూపం వ్యాపించేసరికి 19వ శతాబ్దపు పండితులు కొందరు మండిపడ్డారు. 1870లో అమెరికన్ విమర్శకుడు రిచర్డ్ గ్రాంట్ వైట్ దాని మీద పెద్ద దాడే చేశాడు. భాష ఆయన మాట వినలేదు. ఈనాడు ‘ద హౌస్ ఈజ్ బిల్డింగ్’ అంటే తప్పు దిద్దేవాళ్లు, ఆనాడు ఒప్పుగా ఉన్నదాన్నే దిద్దుతున్నారన్నమాట.

మూడో రూపం విషయంలో చెప్పడానికి పెద్దగా లేదు. తెలియనిది నిఘంటువులో చూసుకోవాలి, అంతే. వ్రోట్, టుక్, చోజ్ లాంటి రెండో రూపాలను పొరపాటున తెచ్చి ‘వాజ్ వ్రోట్’ అనడం, కట్, పుట్, హిట్‌లకు లేని తోకలు తగిలించడం, ఎక్కువగా జరిగే తప్పులు ఇవే.

అన్ని క్రియలూ లొంగవు

ప్యాసివ్‌కు కావాల్సింది ముందు సీట్లోకి రాగల ఆబ్జెక్ట్. అది లేని క్రియకు ప్యాసివ్ లేదు. హ్యాపెన్, అరైవ్, డై, స్లీప్, ఎగ్జిస్ట్, డిసప్పియర్, అపియర్, అకర్ ఇలాంటివి. ‘ది యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్’ తప్పు, ‘ది యాక్సిడెంట్ హ్యాపెన్డ్’ చాలు. ఇందులో ఒక తికమక ఉంది. ప్రమాదం తనంతట తాను ఏమీ చేయదు కదా, దానికి ‘అది జరగబడింది’ అన్న భావం ఉండొద్దా అనిపిస్తుంది. సబ్జెక్ట్ చురుగ్గా ఉందా లేదా అన్నది ఇక్కడ విషయం కాదు. ‘ద గ్లాస్ బ్రోక్’, ‘ద డోర్ ఓపెన్డ్’, ‘ద బుక్ సెల్స్ వెల్’ అనే వాక్యాల్లోనూ గ్లాసు, తలుపు, పుస్తకం ఏమీ చేయలేదు. అయినా అవి యాక్టివ్ వాక్యాలే. ప్యాసివ్ అన్నది క్రియ రూపం పేరు, అర్థంలోని నిస్సహాయత పేరు కాదు.

ఆబ్జెక్ట్ ఉన్నట్టు కనిపించినా లొంగని క్రియలు మరికొన్ని ఉన్నాయి. హావ్, లాక్, రిజెంబుల్, కాస్ట్, ఫిట్ లాంటివి. వీటిలో పని లేదు, సంబంధమో స్థితో మాత్రమే ఉంది. ‘షి రిజెంబుల్స్ హర్ మదర్’ను తిప్పి ‘హర్ మదర్ ఈజ్ రిజెంబుల్డ్ బై హర్’ అంటే సూత్రం ఒప్పుకున్నట్టే ఉంటుంది, ఇంగ్లిష్ మాత్రం ఒప్పుకోదు.

దీనికి ఎదురుగా, సూత్రం ప్రకారం కుదరకూడదనిపించేవి హాయిగా కుదిరే చోటు ఒకటుంది. ‘లాఫ్’కు ఆబ్జెక్ట్ లేదు, కానీ ‘లాఫ్ ఎట్’కు ఉంది. ‘హి వాజ్ లాఫ్డ్ ఎట్.’ అలాగే ‘ద చిల్డ్రన్ వర్ లుక్డ్ ఆఫ్టర్’, ‘ద ప్రాబ్లమ్ హాజ్ బీన్ డెల్ట్ విత్’. ఆ చివరి చిన్న మాట మిగిలిపోయిన ముక్కలా కనిపించి చాలామంది దాన్ని కత్తిరించేస్తారు. కత్తిరిస్తే వాక్యం చచ్చిపోతుంది. ‘స్లీప్’కు ప్యాసివ్ లేదని పైన అన్నాం. కానీ ‘దిస్ బెడ్ హాజ్ బీన్ స్లెప్ట్ ఇన్’ నిక్షేపమైన ఇంగ్లిష్, ఎందుకంటే పడుకోవడం వల్ల పక్క చెదిరింది, దాని మీద ఆ పని ముద్ర పడింది. ‘ద సిటీ వాజ్ స్లెప్ట్ ఇన్’ అంటే మాత్రం ఎబ్బెట్టుగా ఉంటుంది.

రెండు ఆబ్జెక్ట్‌లున్న గివ్, సెండ్, ఆఫర్, షో, టీచ్ లాంటి క్రియలకు రెండు దారులు. ‘ఎ బుక్ వాజ్ గివెన్ టు మీ’ అనొచ్చు, ‘ఐ వాజ్ గివెన్ ఎ బుక్’ అనొచ్చు. రెండోదే ఎక్కువ సహజం, ఎందుకంటే మాట్లాడేది మనుషుల గురించైనప్పుడు మనిషే ముందు సీట్లో ఉంటాడు. అయితే ఈ చనువుతో ‘ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ద ప్రాసెస్’ అనకూడదు. ‘టెల్’ మనిషిని నేరుగా ఆబ్జెక్ట్‌గా తీసుకుంటుంది, ‘ఎక్స్‌ప్లెయిన్’ తీసుకోదు. దానికి వివరించిన విషయమే ఆబ్జెక్ట్, మనిషి ‘టు’ వెనక నిలబడాలి. అందుకే ‘ద ప్రాసెస్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మీ’. సజెస్ట్, డిస్క్రైబ్, సే కూడా ఇదే కోవలోవి. తెలుగులో ‘నాకు చెప్పారు’, ‘నాకు వివరించారు’ రెండూ ఒకే అచ్చులో ఉండటం వల్ల ఈ తప్పు మనవాళ్ల నోట తరచు వస్తుంది.

పనీ, పని తర్వాతి స్థితీ

‘ద డోర్ వాజ్ క్లోజ్డ్’ అన్న వాక్యానికి రెండు అర్థాలున్నాయి. ఎవరో తలుపు మూశారు అని ఒకటి, వెళ్లేసరికి తలుపు మూసి ఉంది అని ఇంకొకటి. తెలుగు ‘మూశారు’, ‘మూసి ఉంది’ అని స్పష్టంగా విడదీసిన చోట ఇంగ్లిష్ ఒకే రూపంతో నెట్టుకొస్తుంది. ‘ఎట్ నైన్’ అని సమయం చేర్చినా పూర్తిగా తేలదు. ‘ద డోర్ వాజ్ క్లోజ్డ్ బై ద గార్డ్’ అంటే పని అని తేలిపోతుంది, ‘ద డోర్ వాజ్ స్టిల్ క్లోజ్డ్’ అంటే స్థితి అని తేలిపోతుంది. స్థితిని చెప్పేటప్పుడు ఆ మూడో రూపం దాదాపు విశేషణమైపోతుంది. అందుకే ‘ఇంట్రెస్టెడ్ ఇన్’, ‘కవర్డ్ విత్’, ‘సర్‌ప్రైజ్డ్ ఎట్’ లాంటి చోట్ల ‘బై’కి బదులు వేరే మాటలు కనిపిస్తాయి.

ఈ అస్పష్టతను తప్పించుకోవడానికే మాటల్లో ‘గెట్’ రంగంలోకి వస్తుంది. ‘హి గాట్ ఫైర్డ్’, ‘ద విండో గాట్ బ్రోకెన్’ అంటే స్థితి కాదు, ఏదో జరిగింది అని ఖాయం. ఆ జరిగినది మీద పడ్డ దెబ్బో, అదృష్టమో అన్న రంగు కూడా ‘గెట్’కు ఉంటుంది. అందుకే ‘గాట్ ప్రమోటెడ్’, ‘గాట్ హర్ట్’ సహజంగా వినిపిస్తాయి. ‘ద థియరీ గాట్ ప్రపోజ్డ్ ఇన్ 1905’ మాత్రం నవ్వు తెప్పిస్తుంది. సంభాషణ దాటి అధికారిక రాతలోకి ‘గెట్’ను తీసుకెళ్లకపోవడమే మంచిది.

‘బై’, ‘విత్’ల తేడా ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. చేసిన చెయ్యికి ‘బై’, ఆ చేతిలోని పనిముట్టుకు ‘విత్’. ‘ద విండో వాజ్ బ్రోకెన్ విత్ ఎ స్టోన్’ అంటే ఎవరో రాయి విసిరారు. ‘బై ఎ స్టోన్’ అంటే కొండ మీంచి దొర్లిన రాయి అయినా కావచ్చు, విసిరిన చెయ్యి ఉందన్న సూచన అక్కర్లేదు.

తెలిసినది ముందు, కొత్తది వెనక

ప్యాసివ్‌కు ఉన్న కారణాల్లో ‘కర్త తెలియకపోవడం’ అన్నదే పాఠ్యపుస్తకాల్లో ముందుంటుంది. నిజానికి అంతకన్నా బలమైన కారణం వాక్యాల మధ్య అల్లిక. చదివేవాళ్లకు అప్పటికే తెలిసిన సంగతితో వాక్యం మొదలై, కొత్త సంగతితో ముగిస్తే చదవడం సాఫీగా సాగుతుంది. ‘పెనిసిలిన్ ఛేంజ్డ్ మెడిసిన్. ఇట్ వాజ్ డిస్కవర్డ్ ఇన్ 1928 బై అలెగ్జాండర్ ఫ్లెమింగ్.’ మొదటి వాక్యం పెనిసిలిన్‌ను పరిచయం చేసింది, రెండోది దాన్నే పట్టుకుని ముందుకు నడిచింది, ఫ్లెమింగ్ కొత్త మనిషి కాబట్టి చివర్లో వచ్చాడు. ఆ తర్వాతి వాక్యం ఫ్లెమింగ్‌తో మొదలైతే గొలుసు తెగదు. రెండో వాక్యాన్ని ‘అలెగ్జాండర్ ఫ్లెమింగ్ డిస్కవర్డ్ ఇట్’ అని యాక్టివ్‌లో పెడితే తప్పు కాదు, కానీ చదివేవాళ్ల చూపు ఒక్కసారి పక్కకు గెంతుతుంది.

అందుకే ఒంటరి వాక్యాన్ని చూసి యాక్టివ్ మంచిదా, ప్యాసివ్ మంచిదా అని తేల్చడం అసాధ్యం. దాని ముందు వాక్యం చూడాలి. వాయిస్ మార్చమని ఇచ్చే విడి వాక్యాలతో ప్యాసివ్ ఎప్పటికీ పూర్తిగా పట్టుబడకపోవడానికి కారణం కూడా ఇదే.

‘బై’తో వచ్చే పొడుగు ప్యాసివ్ బతికి ఉన్నది కూడా ఈ అవసరం వల్లే. కర్తను దాచడానికి కాదు, దాన్ని వాక్యం చివర వెలుగులో నిలబెట్టడానికి అది పనికొస్తుంది. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులందరూ సమానులుగా సృష్టి అయ్యారని చెప్పే చోట ‘ఆర్ క్రియేటెడ్ ఈక్వల్’, ఆ వెంటనే ‘దే ఆర్ ఎండోడ్ బై దెయిర్ క్రియేటర్’ అని వరసగా రెండు ప్యాసివ్‌లు వస్తాయి. రెండు చోట్లా విషయం మనుషుల గురించి. సృష్టికర్త సబ్జెక్ట్ అయి ఉంటే ఆ వాక్యం హక్కుల ప్రకటనగా కాక దైవస్తుతిగా వినిపించేది.

యాక్టివ్, ప్యాసివ్ రెండింటికీ అర్థం ఒకటే అన్న మాట కూడా ఎప్పుడూ నిజం కాదు. 1957లో భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ చూపించిన వాక్యాల జంట ఒకటుంది. ‘ఎవ్రీవన్ ఇన్ ద రూమ్ నోస్ ఎట్ లీస్ట్ టూ లాంగ్వేజెస్’ అంటే గదిలో ప్రతివాళ్లకూ కనీసం రెండేసి భాషలు వచ్చు, ఎవరి భాషలు వాళ్లవి కావచ్చు. ‘ఎట్ లీస్ట్ టూ లాంగ్వేజెస్ ఆర్ నోన్ బై ఎవ్రీవన్ ఇన్ ద రూమ్’ అని తిప్పితే, అందరికీ ఉమ్మడిగా తెలిసిన రెండు భాషలున్నాయన్న అర్థం ముందుకొస్తుంది. గదిలో ఎవరూ మారలేదు, ముందు సీటు మారింది.

దాచే పని

కర్తను వదిలేసే వీలుంది కాబట్టి బాధ్యతనూ వదిలేసే వీలుంది. 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్, ఇరాన్‌కు ఆయుధాల అమ్మకం వ్యవహారం గురించి కాంగ్రెస్ ముందు మాట్లాడుతూ ‘సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్’ అన్నాడు. తప్పులు జరిగాయి, ఎవరివల్లో లేదు. ఆ తర్వాత ఆ మాట రాజకీయ తప్పించుకునే భాషకు మారుపేరైపోయింది. అంతకు శతాబ్దం ముందే, 1876లో, అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ ‘మిస్టేక్స్ హావ్ బీన్ మేడ్’ అన్నాడు. కాకపోతే ఆయన ఆ వెంటనే ‘ఐ అడ్మిట్’ అని కూడా చేర్చాడు. ప్యాసివ్ ఒకటే, నిజాయితీలో తేడా ఉంది.

ఈ నింద మొత్తాన్ని ప్యాసివ్ మీద మోపడం అన్యాయం. ‘ఎర్రర్స్ క్రెప్ట్ ఇన్’ అన్నది యాక్టివ్, అందులోనూ దోషి లేడు. ‘ద గన్ వెంట్ ఆఫ్’ యాక్టివ్, ట్రిగ్గర్ మీద వేలెవరిదో చెప్పదు. ‘దేర్ వాజ్ ఎ ఫెయిల్యూర్ ఆఫ్ కమ్యూనికేషన్’లోనూ ప్యాసివ్ జాడ లేదు. మరోవైపు ‘ద మనీ వాజ్ స్టోలెన్ బై ద చైర్మన్’ ప్యాసివే, వేలు మాత్రం సూటిగా చూపిస్తోంది. దాచాలనుకున్నవాడికి భాషలో దారులు అనేకం. వాటిలో ప్యాసివ్ ఒకటి.

అయినా ప్యాసివ్‌కు చెడ్డపేరు గట్టిగానే స్థిరపడింది. 1918లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ విలియం స్ట్రంక్ తన విద్యార్థుల కోసం అచ్చు వేయించిన చిన్న పుస్తకంలో యాక్టివ్ వాయిస్ వాడమని ఒక నియమం పెట్టాడు. ఆ నియమం కింద సరిదిద్దిన నాలుగు వాక్యాల్లో మూడింటిలో ప్యాసివే లేదు. ‘దేర్ వర్ ఎ గ్రేట్ నంబర్ ఆఫ్ డెడ్ లీవ్స్ లైయింగ్ ఆన్ ద గ్రౌండ్’ అందులో ఒకటి. చప్పని వాక్యాలన్నీ ఒక్క గాటన కట్టేశారన్నమాట. భాషాశాస్త్రవేత్త జెఫ్రీ పల్లమ్ ఈ సంగతిని ఎత్తిచూపి, ప్యాసివ్‌ను తిట్టేవాళ్లలో చాలామందికి దాన్ని గుర్తుపట్టడమే రాదని వాదించాడు. 1946లో ఇంగ్లిష్ రచయిత జార్జ్ ఆర్వెల్, యాక్టివ్ కుదిరే చోట ప్యాసివ్ ఎప్పుడూ వాడొద్దని ఒక వ్యాసంలో రాశాడు. ఆ వ్యాసం మొదటి వాక్యంలోనే ‘ఇట్ ఈజ్ జనరల్లీ అస్యూమ్డ్’ అన్న ప్యాసివ్ ఉంది. ఆర్వెల్‌ను ఎగతాళి చేయడానికి కాదు ఈ మాట. అంత శ్రద్ధగల రచయితకే అది అవసరమైన చోట దానంతట అదే వచ్చి కూర్చుందని చెప్పడానికి.

గుర్తుపట్టడానికి ఇంటర్నెట్‌లో ఒక సరదా కిటుకు తిరుగుతోంది. క్రియ తర్వాత ‘బై జాంబీస్’ (జాంబీలంటే సినిమాల్లో లేచి నడిచే శవాలు) చేర్చి చూడాలి, అర్థం కుదిరితే అది ప్యాసివ్. ‘ద సిటీ వాజ్ డిస్ట్రాయ్డ్ బై జాంబీస్’ కుదిరింది. ‘ద సిటీ డిసప్పియర్డ్ బై జాంబీస్’ కుదరలేదు. అన్ని చోట్లా పని చేయకపోయినా, ‘వాజ్’ కనబడగానే ప్యాసివ్ అనుకునే పద్ధతి కన్నా ఎంతో మెరుగు.

విజ్ఞానశాస్త్ర రచన ఈ గొడవకు పాత వేదిక. పరిశోధకుడు ఎవరైనా ఫలితం ఒకటేనన్న భావంతో ‘ద సొల్యూషన్ వాజ్ హీటెడ్’ తరహా రాత స్థిరపడింది. మొదట్నుంచీ ఇలా లేదు. 1672లో అచ్చయిన కాంతి ప్రయోగాల లేఖలో న్యూటన్ గాజు పట్టకం సంపాదించానని ‘ఐ’తోనే చెప్పుకున్నాడు. 1953లో డీఎన్‌ఏ నిర్మాణాన్ని ప్రకటించిన వాట్సన్, క్రిక్‌ల వ్యాసం ‘వి విష్ టు సజెస్ట్’ అంటూ మొదలవుతుంది. ఆ వ్యాసాన్ని అచ్చేసిన నేచర్ పత్రిక కూడా ఇప్పుడు రచయితలకు యాక్టివ్‌నే సిఫార్సు చేస్తోంది. అయినా ప్రయోగ పద్ధతుల విభాగంలో ప్యాసివ్ కదలదు, కదలాల్సిన పనీ లేదు. అక్కడ కథానాయకుడు ద్రావణమే. నిర్ణయాల దగ్గర, వాదనల దగ్గర మాత్రం ‘ఇట్ వాజ్ డిసైడెడ్’ కన్నా ‘వి డిసైడెడ్’ మేలు, ఎందుకంటే ద్రావణాన్ని ఎవరు వేడి చేసినా ఒకటే, కొన్ని నమూనాలను ఎవరు పక్కన పెట్టారన్నది ఒకటి కాదు.

ఊహించుకున్న ఒక నివేదికలో ఇవన్నీ కలిసి ఎలా కనిపిస్తాయో చూడవచ్చు. ‘ద బ్రిడ్జ్ వాజ్ బిల్ట్ ఇన్ 1962. ఇట్ వాజ్ ఇన్‌స్పెక్టెడ్ లాస్ట్ మంత్. ది ఇంజనీర్స్ ఫౌండ్ క్రాక్స్ ఇన్ టూ పిల్లర్స్. ద క్రాక్స్ హాడ్ బీన్ నోటెడ్ త్రీ ఇయర్స్ అర్లియర్, బట్ నథింగ్ వాజ్ డన్.’ మొదటి రెండు ప్యాసివ్‌లను ముట్టుకోనక్కర్లేదు, మాట వంతెన గురించి. మూడో వాక్యం యాక్టివ్, కనిపెట్టింది ఇంజనీర్లు కాబట్టి బాగుంది. నాలుగోది పగుళ్లతో మొదలై ముందు వాక్యాన్ని అందుకుంది, అదీ సరైనదే. అయితే మూడేళ్ల కిందట ఆ పగుళ్లను రాసుకున్నది ఎవరో చదివేవాళ్లకు ఇప్పుడు కావాలి, అక్కడ ఒక ‘బై’ చేరిస్తే వాక్యం బలపడుతుంది. చివరి మూడు మాటల దగ్గరే ఎడిటర్ పెన్ను ఆగాలి. ‘నథింగ్ వాజ్ డన్’ వ్యాకరణపరంగా మచ్చలేని వాక్యం. ఏమీ చేయనిది ఎవరో రాసినవాళ్లకు తెలిసి ఉంటే, ఆ పేరు అక్కడ సబ్జెక్ట్‌గా రావాలి.